పాపాయి అంగిలి

రాజమండ్రి,
జూన్ 6, 1999.

పూజ్యులు వదిన గారికి, మీ మరదలు మీనాకుమారి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీరు పంపిన మాగాయ జాడీ పగలకుండా చేరింది. ఉప్పు కొంచెం ఎక్కువైందని మీ తమ్ముడు గారన్నారు గాని నాకు బాగానే ఉంది. మా అమ్మాయి పూజిత ఇంటర్ పాసై, ఏం చదవాలో తేల్చుకోలేక రోజుకో కాలేజీ పేరు చెబుతోంది.

అసలు సంగతికి వస్తాను. మా మహిళా వికాస సమాజం తరఫున ఈ నెల ఇరవయ్యో తారీకు ఆదివారం మీ మొగల్తూరులో ఉచిత కాన్సర్ శిబిరం పెడుతున్నాం. పట్నం ఆడవాళ్ళకి డాక్టరు వీధి చివరే ఉంటాడు. సముద్రం పక్క ఊళ్ళలో వాళ్ళకి రోగం ముదిరేదాకా సంగతే తెలియదు. ఈ తేడా పోవాలంటే అన్ని వర్గాలూ చేతులు కలపాలి అని మొన్న మీటింగులో నేనే మాట్లాడాను. మాట్లాడుతుంటే నాకే కళ్ళు చెమర్చాయి. మీ ఊరి రైసు మిల్లువాళ్ళు ఆవరణ ఇస్తామన్నారు. షామియానా, మైకు, బేనరు ఏర్పాట్లన్నీ మీ తమ్ముడు గారే చూస్తున్నారు.

ఊళ్ళో ఆడవాళ్ళని పోగుచేసే పని మీది. మీ కొట్టుకి రాని మనిషి ఉండదు కదా. ఇంకో చిన్న మనవి, ఏమీ అనుకోకండి. ఆ రోజు మాత్రం చుట్టలు, పొగాకు కాడలు లోపల పెట్టించండి. ముఖ్య అతిథి గారు మన ఇంటికి కాఫీకి వస్తారు, ఫొటోగ్రాఫరు వెంట ఉంటాడు.

అన్నయ్య గారికి నమస్కారాలు.

మీ
మీనాకుమారి


మొగల్తూరు,
జూన్ 10, 1999.

మరదలు మీనాకుమారికి, ఉప్పెక్కువ మాగాయ పెట్టిన మాణిక్యాంబ దీవెనలు.

ఫోను చెయ్యకుండా ఉత్తరం రాసినందుకు సంతోషం. ఫోనులో నేను నాలుగు మాటలనగానే నీకు లైను కట్టయిపోతుంది. కాగితం మీదయితే చివరిదాకా చదవక తప్పదు. నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. పేపరు దించకుండానే "మంచిదే" అన్నారు. ఇల్లు కూలిపోతోందన్నా ఆయన అదే మాట అంటారు.

చేతులు కలుపుతారా? మీ సమాజం చేతులు నేను చూడలేదనుకున్నావా! పోయినేడు ఇక్కడ కుట్టుమిషను ఇచ్చినప్పటి ఫొటో నువ్వే పంపావు. ఆ ఒక్క మిషను మీద మీ అందరి చేతులూ, గాజులూ, ఉంగరాలూ ఉన్నాయి. మిషను పుచ్చుకున్న పిల్ల మాత్రం ఎక్కడుందో నేను కళ్ళజోడు పెట్టుకుని వెతికినా కనబడలేదు. ఆ మిషనుకి సూది లేదన్న సంగతి మీకు ఇప్పటికీ తెలియదు. మీకు జనం అక్కర్లేదు, జనం లాంటిది వెనకాల కనబడితే చాలు.

అయినా ఆడవాళ్ళని పోగుచేస్తాను. మీ సమాజం మొహం చూసి కాదు, పాపాయి కోసం.

పాపాయి ఎవరో నీకు తెలియదు. పాలెంలో ఉంటుంది, ఎండుచేపలు అమ్ముకుని బతుకుతుంది. మొగుడు వేటకెళ్ళి తిరిగి రాలేదు, ఆ సంగతి జరిగి చాలా ఏళ్ళయింది. రోజూ పొద్దు వాలాక మన కొట్టు వెనక కిటికీ దగ్గరికొచ్చి చుట్టలు పట్టుకెళ్తుంది. ముందు వైపు మగవాళ్ళుంటారని రాదు. పాలెం ఆడవాళ్ళందరికీ ఆ కిటికీయే కొట్టు. వాళ్ళు కాల్చేది అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. నువ్వు నమ్మవు గాని, తల్లుల దగ్గర కూతుళ్ళు నేర్చుకునే విద్య అది. సముద్రపు గాలికి ఆరదు, ఎదుటివాళ్ళకి నిప్పు కనబడదు, చంకలో పిల్ల మీద నుసి రాలదు.

ఈ మధ్య పాపాయి మిరపకాయ ముట్టలేకపోతోంది. "అంగిట్లో ఏదో గరుగ్గా తగుల్తందండి" అంది. నోరు తెరవమంటే, "చేపల కంపండి, మీ ముందు ఎలా తెరుత్తానండి" అని చెంగు అడ్డం పెట్టుకుంది. కసిరి తెరిపించి టార్చిలైటు వేసి చూశాను. అంగిలంతా తెల్లగా పొరకట్టి ఉంది, మధ్యలో ఎర్రటి పుండు. నాకు వైద్యం రాదు. కానీ ఆ పుండు నాకు నచ్చలేదు. నీ షామియానా కింద నిజంగా ఒక డాక్టరు కూర్చుంటే పాపాయిని ముందు చూపించు. అది బతికి బట్టకడితే మీ బేనరుకి నేనే దండ వేస్తాను.

చుట్టలు లోపల పెట్టను. ముఖ్య అతిథికి వాసన పడకపోతే ముక్కు మూసుకోమను.

ఇట్లు
మాణిక్యాంబ


రాజమండ్రి,
జూన్ 24, 1999.

వదిన గారికి, ఎంతో సంతోషంతో మీనాకుమారి రాస్తున్నది.

శిబిరం ఇంత బాగా జరుగుతుందని కలలో కూడా అనుకోలేదు. మిల్లు ఆవరణ చాలలేదు. పేపర్లో ఫొటో వచ్చింది, కత్తిరించి ఇందులో పెట్టాను. ఎడమ నుంచి మూడో మనిషిని నేను. ముఖ్య అతిథి గారికి ఆత్రేయపురం పూతరేకులు ఎంత నచ్చాయంటే కారులో కూడా ఒక పెట్టె పెట్టించుకున్నారు. మీ తమ్ముడు గారి మైకు నిర్వహణని అందరూ మెచ్చుకున్నారు.

ఒక్క మాట చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. మీరు సభ మధ్యలో లేచి వెళ్ళిపోయారు. అధ్యక్షురాలు గారు "మీ ఆడపడుచు గారేరీ" అని అడిగితే నాకు తల కొట్టేసినట్టయింది. మీరు అంతలా చెప్పిన ఆ పాపాయి కూడా అంతే. డాక్టరు గారు చూసి, అనుమానంగా ఉంది, విశాఖపట్నం వెళ్ళాలి అన్నారు. ఆ చీటీ చేతికిచ్చేలోపు జనంలోంచి తోసుకుంటూ పారిపోయింది. గుమ్మం దాకా వైద్యం తీసుకొస్తే కాలితో తన్నే మనుషుల్ని ఎలా బాగుచెయ్యాలో మీరే చెప్పండి.

మీ
మీనాకుమారి


మొగల్తూరు,
జూన్ 29, 1999.

ఎడమ నుంచి మూడో మనిషికి, ఫొటోలో లేని వదిన రాయునది.

పాపాయి ఎందుకు పారిపోయిందో నువ్వు నిజంగానే చూడలేదా? పూతరేకుల పెట్టె తెరుస్తున్నావా అప్పుడు? అయితే చెబుతాను విను.

నా తమ్ముడు నాగేశ్వరప్రసాద్ గొంతు సంగతి నాకు తెలుసు. మనవాళ్ళ పెళ్ళిళ్ళలో చదివింపులు చదవాలంటే వాడే. "ఫలానావారు వధూవరులకు స్టీలు బిందె" అని వాడు రాగం తీసి చదివితే ఆ బిందెకి బంగారం పూత పడుతుంది. వాడి చేతిలో మైకూ, రోగుల పేర్ల కాగితమూ ఒకేసారి పెట్టిన మహానుభావులెవరో గాని, వాళ్ళకి ఒక శాలువా కప్పాలి. వాడికి అలవాటైన పని వాడు చేశాడు. "శ్రీమతి పాపాయి గారు, పాలెం వాస్తవ్యులు, అంగిటిలో పుండు, కాన్సర్ అనుమానం, విశాఖపట్నం!" అని చదివి, ఒక్క క్షణం ఆగాడు. వాడు ఆగితే చప్పట్లు కొట్టడం జనానికి అలవాటు. కొట్టారు. నువ్వూ కొట్టావు, నేను చూశాను.

పాపాయి అప్పటిదాకా నోరు కడుక్కుని, వక్కపలుకు నమిలి, చెంగుతో పదిసార్లు తుడుచుకుని ఆ కుర్ర డాక్టరు ముందు కూర్చుంది. జీవితంలో మొదటిసారి మగవాడి ముందు నోరు తెరిచింది. తెరిచిన నోట్లో ఏముందో మీరు ఊరందరికీ చదివింపులు చదివారు. లేచి వెళ్ళిపోక హారతి పడుతుందా మీకు? నేను దాని వెనకే వచ్చేశాను. అందుకే మీ అధ్యక్షురాలికి కనబడలేదు.

మర్నాడు దాని గంపలో చేప ఎవరూ ముట్టుకోలేదు. ఆ జబ్బు చేపకి అంటుకుంటుందని ఎవరో అన్నారు, అందరూ నమ్మారు. మూడు వీధులు తిరిగి గంప దింపకుండానే ఇంటికెళ్ళిందట. మిగిలిన ఆడవాళ్ళు మీ చీటీలన్నీ కాలవలో పడేశారు. విశాఖపట్నం వెళ్ళమంటే పాపాయి ఒకటే మాట, "నాకేటయ్యిందండి? నాకేం లేదండి." ఇప్పుడు కిటికీ దగ్గరికి కూడా రావడం మానేసింది. మీ శిబిరం రాకముందు కనీసం నాకు ఒక్కదానికైనా దాని నోరు కనబడేది.

ఫొటో వెనక్కి పంపుతున్నాను. మా ఇంట్లో తగిలించడానికి మేకు లేదు.

మాణిక్యాంబ


రాజమండ్రి,
జులై 8, 1999.

వదిన గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం సయించలేదు. మీ తమ్ముడు గారికి చూపించలేదు. చూపిస్తే ఇద్దరూ ఈ జన్మకి మాట్లాడుకోరు.

పేర్లు మైకులో చదవడం పొరపాటే, ఒప్పుకుంటాను. అయితే మంచి పని చెయ్యబోయినవాళ్ళని ఇంత చులకనగా మాట్లాడటం ఏం న్యాయం? మా వల్ల ఒక పొరపాటు జరిగింది. మరి ఆవిడ నోరు పుండైంది ఎవరమ్మిన పొగాకు వల్ల? ఇన్నేళ్ళూ ఆ కిటికీలోంచి చుట్టలందించిన చెయ్యి ఎవరిది? శిబిరంలో డాక్టరు గారు చుట్టలు మానమని గట్టిగా చెప్పారు. మీ కోపం అసలు అక్కడ మొదలైందేమో, బేరం పడిపోయిందేమో అని నాకు అనుమానంగా ఉంది. తప్పయితే క్షమించండి.

మా స్నేహితురాలి కూతురు హారతి ఇక్కడ పళ్ళ డాక్టరు. మంచి పిల్ల, ఆడపిల్ల కాబట్టి మీవాళ్ళు సిగ్గుపడరు. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తానంటోంది. మమ్మల్ని వెక్కిరించడం సులువు. ఎలా చెయ్యాలో మీకంత బాగా తెలిస్తే మీరే చేసి చూపించండి.

మీనాకుమారి


మొగల్తూరు,
ఆగస్టు 2, 1999.

మీనాకుమారికి, చుట్టలమ్మే మాణిక్యాంబ రాయునది.

నీ ఉత్తరం చదివి బియ్యం డబ్బాలో పడేశాను. దానికి జవాబు రాసేంత నీచానికి దిగకూడదనుకున్నాను. ఇన్నాళ్ళకి ఇవాళ దిగుతున్నాను, ఎందుకో చెబుతాను.

ముందు నీ అనుమానం తీరుస్తాను. చుట్టల బేరం పడిపోలేదు, పెరిగింది. మీ డాక్టరు భయపెట్టి వెళ్ళాడు. భయమేసిన మనిషి ఇంకో చుట్ట ఎక్కువ కాలుస్తుంది. ఆ మాత్రం మీ సమాజంలో ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే మీరెవరూ ఏ భయానికీ చుట్ట కాల్చినవాళ్ళు కాదు. నేను అమ్మడం మానితే వాళ్ళు పక్క వీధిలో కొంటారు. ఇది సాకు అంటావు. అను. నువ్వు అనకుండానే నేను రోజూ అనుకుంటున్నాను.

నిన్న కిటికీ దగ్గరికి పాపాయి బదులు చిన్నమ్మాయి అనే ఆవిడ వచ్చింది. పాలెంలో పాపాయి పక్కిల్లే ఆమెది. పాపాయి ఇప్పుడు అన్నం మెత్తగా పిసుక్కుని మింగుతోందట. "ఏటయ్యిందే అంటే పన్ను నొప్పంటదండి. రేత్రి మూలుగుద్దండి, మాకు ఇనపడుద్దండి" అని చెప్పింది. అందుకే కాగితం, కలం పట్టుకున్నాను. లేకపోతే నీతో నాకేం పని?

శ్రావణమాసం వస్తోంది. ఇరవై ఏడో తారీకు శుక్రవారం మా ఇంట్లో పేరంటం పెడతాను. బొట్టు పెట్టి పిలిస్తే ఏ ఆడదీ రాననదు, శ్రావణ శుక్రవారం అసలే అనదు. పాలెం ఆడవాళ్ళని కోమట్లింటికి పేరంటానికి పిలవడమేంటని మావాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. వేసుకోనీ, ఊరికే ఉన్న వేళ్ళేగా. చిన్నమ్మాయి కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్తుంది. హారతిని పెరటి గదిలో కూర్చోబెడతాను. ఒక్కొక్కళ్ళూ లోపలికెళ్ళి నోరు చూపించి, బయటికొచ్చి శనగలు, తాంబూలం పుచ్చుకుని ఇంటికెళ్తారు. ఎవరి నోట్లో ఏముందో వాళ్ళకీ, హారతికీ తప్ప తెలియకూడదు.

బేనరు వద్దు, ముఖ్య అతిథి వద్దు. మీ అధ్యక్షురాలు వస్తానంటే శనగలు నానబొయ్యడం వచ్చేమో అడుగు. మా తమ్ముణ్ణి రాజమండ్రిలోనే కట్టేసి రా.

మాణిక్యాంబ


రాజమండ్రి,
ఆగస్టు 31, 1999.

వదిన గారికి, మీ పట్టుదలకి దణ్ణం పెట్టి మీనాకుమారి రాస్తున్నది.

నిన్ననే హారతి, నేనూ ఆ రోజు సంగతులు చెప్పుకుని నవ్వుకున్నాం. టార్చి వేసి "ఆ అనండి" అంటే ఒకావిడ "ఆయ్" అందట. మొదట గుమ్మంలో నిలబడి బిగుసుకుపోయిన వాళ్ళు, సాయంత్రానికి మీ పెరట్లో కూర్చుని పాటలు పాడారు. మీరన్న మాట నిజమే, మాకు ఇలా చెయ్యడం తెలియదు. నేను మా సమాజంలో ఈ పద్ధతి గురించి చెప్పబోతున్నాను. మీ పేరే చెబుతాను.

ఏడుగురికి నోట్లో అనుమానంగా ఉందని హారతి అంది. ఎవరికి వాళ్ళకే విడిగా చెప్పింది. ఇద్దరికి చుట్ట మానితే చాలట, ఐదుగురు విశాఖపట్నం వెళ్ళి చూపించుకోవాలట.

అయితే వదిన గారూ, హారతి ముఖ్యంగా ఎదురుచూసిన మనిషే రాలేదు. పాపాయి అన్నవాళ్ళెవరూ రాలేదని సాయంత్రం దాకా గుమ్మం వైపే చూసింది. మీరు మైకు లేకుండా, బొట్టు పెట్టి, ఇంటికి పిలిచినా రాలేదంటే ఇక ఆవిణ్ణి ఏమనాలి? తప్పంతా మాదే అన్నారు మీరు. కొందరికి ఎవరెంత చేసినా ఎక్కదు, ఇప్పుడైనా ఒప్పుకోండి.

మీ
మీనాకుమారి


మొగల్తూరు,
సెప్టెంబరు 5, 1999.

మీనాకూ,

పేరంటానికి పాపాయి రాకపోతే నేనూ పౌరుషానికి పోయి ఊరుకున్నాను. నీ ఉత్తరం అందిన రోజే పాలెం వెళ్ళాను. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను, పాలెంలోకి నడిచి వెళ్ళడం ఇదే మొదలు. కోపంతో వెళ్ళాను. ఎందుకు రాలేదే మొండిదానా అని నాలుగు దులుపుదామని వెళ్ళాను.

పాపాయి గడప మీద కూర్చుని వల అల్లుతోంది. చేపల గంప మూల బోర్లించి ఉంది. నన్ను చూసి లేచి, పీట కోసం వెతుక్కుని, పీట లేక నిలబడిపోయింది. ఒక చెంప వాచింది. మాట ముక్కులోంచి వస్తోంది.

"ఎందుకు రాలేదే?" అన్నాను.

"నన్ను పిలవలేదు కదండి" అంది.

"చిన్నమ్మాయి రాలేదా?"

"వచ్చిందండి. ఈ పక్కింటికీ ఆ పక్కింటికీ బొట్టెట్టిందండి. నేను పొద్దున్నే తానం చేసి ఉతికిన కోక కట్టుకున్నానండి. ఈ గడప దాటుకుని ఎల్లిపోయిందండి." చెంగు చెంప మీదికి లాక్కుని, "దాని తప్పేం లేదండి. బొట్టెట్టించుకునే నుదురు కాదు కదండి నాది" అంది.

మీనా, పేరంటానికి మొగుడు పోయినవాళ్ళని పిలవరు. ఈ సంగతి నాకు తెలియదా? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలుసు. తెలిసి తెలిసి ఆ భరిణె చిన్నమ్మాయి చేతికిచ్చాను. ఆమె అందరూ చేసేదే చేసింది. పాలెంలో సగం ఇళ్ళలో మగవాణ్ణి సముద్రం తీసుకుపోయింది. రాత్రుళ్ళు ఒంటరిగా కూర్చుని అడ్డపొగ ఎక్కువ కాల్చేది వాళ్ళే. వాళ్ళ గడపలన్నీ వదిలేసి, మొగుళ్ళున్నవాళ్ళ నోళ్ళు మాత్రం చూసి, పాటలు పాడుకుని, శనగలు పంచుకున్నాం. నా తమ్ముణ్ణి ఎంత ఎగతాళి చేశాను! వాడు పాపాయి పేరు మైకులో చదివాడు. నేను అసలు పేరే ఎత్తలేదు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ బుద్ధిహీనులో నువ్వే తేల్చు.

విశాఖపట్నం తీసుకెళ్తానంటే పాపాయి "మీతోనాండి?" అంది. అంతే. వస్తానంది. హారతి చేత అక్కడి డాక్టరుకి ఒక ఉత్తరం రాయించి వెంటనే పంపు.

మాణిక్యాంబ


రాజమండ్రి,
సెప్టెంబరు 13, 1999.

వదిన గారికి,

మీ ఉత్తరం చదివాను. నేనూ పుట్టినప్పటి నుంచి పేరంటాలకి తిరిగినదాన్నే. ఆ రోజంతా మీ పెరట్లో ఉన్నాను. బొట్టు లేని మనిషి ఒక్కతీ లేదన్న సంగతి నా కంటికీ ఆనలేదు. మిమ్మల్ని ఒక్కరినీ అనుకోకండి.

హారతి ఉత్తరం ఇందులో పెట్టాను. ఇంకో మాట. పాపాయినీ, ఆ ఐదుగురినీ కలిపి పంపడానికి వేను ఇవ్వాలని సమాజంలో అడిగాను. దసరా తర్వాత కార్యవర్గం కూర్చుని తీర్మానం చేస్తుందట. వేనుకి సమాజం పేరు రాయించాలి, మొదటి ప్రయాణానికి జెండా ఊపడానికి ఎవరైనా పెద్దవాళ్ళు దొరకాలి అంటున్నారు. అప్పటిదాకా ఆగితే అందరినీ ఒకేసారి సుఖంగా తీసుకెళ్ళొచ్చు. బస్సులో ఆ పరిస్థితిలో మనిషిని పెట్టుకుని అంత దూరం మీరొక్కరూ ఎలా వెళ్తారు? ఆలోచించి రాయండి. మీ జవాబు వచ్చేదాకా నేను వాళ్ళకేమీ చెప్పను.

మీ
మీనాకుమారి


విశాఖపట్నం,
అక్టోబరు 3, 1999.

మీనాకి, ఆసుపత్రి వరండాలోంచి మీ వదిన రాయునది.

నీ ఉత్తరం అందిన మర్నాడే బస్సెక్కాం. జెండా ఎవరూ ఊపలేదు. అయినా బస్సు కదిలింది.

పాపాయికి మొన్న ఆపరేషను చేశారు. బతుకుతుంది అన్నారు. అంగిట్లో సగం పైన తీసేశారు. పుండు మానాక ఆ ఖాళీకి అడ్డంగా ఒక బిళ్ళ లాంటిది తయారుచేసి పెడతారట, ఆ తర్వాత జబ్బు మళ్ళీ రాకుండా కరెంటు, అదే రేడియేషను, పెడతారట. ఇప్పుడు ముక్కులో గొట్టంలోంచి పాలు పోస్తున్నారు. మాట రాదు. చేత్తో సైగ చేస్తుంది. నిన్న నా వైపు చూపించి, అన్నం తిన్నావా అని అడిగింది. నేను ఏడ్చాను. వార్డులో అందరూ చూశారు. చూస్తే చూశారు.

ఆపరేషను చేసిన డాక్టరు పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడతారు. "ఎప్పటి నుంచి ఉందమ్మా ఇది?" అని అడిగారు. జూన్ నెలలో చిన్నదిగా ఉండగా నేను చూశానని చెప్పాను. "అప్పుడే తీసుకొచ్చుంటే ఆ ముక్క వరకు తీసేవాళ్ళం. మాట పోయేది కాదు" అన్నారు. ఆయన నన్ను తప్పుపట్టలేదు. తప్పుపట్టి ఉంటే నేను రెండు జవాబులు చెప్పేదాన్ని.

జూన్ నుంచి ఇప్పటిదాకా మనమేం చేశామో చూడు. నువ్వు నన్ను అన్నావు, నేను నిన్ను అన్నాను. నీ ఉత్తరాన్ని నేను వారాల తరబడి బియ్యం డబ్బాలో పెట్టి పౌరుషం చూపించాను. నీ బేనర్ల మీదా, మీ సమాజం గాజుల మీదా నేను రాసిన ప్రతి మాటా నిజమే, ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. కానీ నేను ఎంత బాగా తిట్టానో చూసుకుని మురిసిపోతున్న రోజుల్లోనే అది పెరిగింది. మాటలో నేను నెగ్గాను. పాపాయికి మాట పోయింది.

ఇక్కడ వరండాలో పడుకునేవాళ్ళలో సగం మంది మన వైపు ఊళ్ళవాళ్ళే. చివరిదాకా ఆగి వచ్చినవాళ్ళు. అడిగితే అందరూ ఒకటే చెబుతారు, తీసుకొచ్చే మనిషి లేక అని. జబ్బు తెలియక కాదు.

నేను పాపాయిని వదిలి రాలేను, కరెంటు అయ్యేదాకా ఇక్కడే ఉంటాను. ఆ ఐదుగురూ ఇంకా ఇళ్ళలోనే ఉన్నారు. మీ కార్యవర్గం కూర్చునే లోపు వాళ్ళ నోళ్ళు ఊరికే కూర్చోవు. నువ్వు మొగల్తూరు వెళ్ళు. మా ఇంట్లో దిగు, మీ అన్నయ్య అన్నం వండుకోవడం నేర్చుకున్నారు, నీకూ పెడతారు. చిన్నమ్మాయిని వెంట పెట్టుకుని పాలెంలో నడు. భరిణె తీసుకెళ్ళకు. బొట్టు ఉన్న గడపా, లేని గడపా అని చూడకుండా ప్రతి గడప ముందూ నిలబడి పేరు పెట్టి పిలువు. పట్టుచీర కట్టుకెళ్ళకు, బురద. హారతిని కూడా తీసుకెళ్ళు. విశాఖపట్నం రావాల్సినవాళ్ళని నువ్వే బస్సెక్కించి, నువ్వే పక్కన కూర్చుని తీసుకురా. ప్రసాదుని కూడా రమ్మను. వాడి గొంతుతో కాదు, భుజాలతో పని ఉంది. ఇక్కడ స్ట్రెచర్ తోసేవాళ్ళు చాలడం లేదు.

ఈ ఉత్తరానికి జవాబు రాయకు. బయల్దేరు.

మాణిక్యాంబ